ఒకే రైలు లైను, రెండు కార్ఖానాలు: పాత ఎండెవర్, పాత బీఎండబ్ల్యూ కథ



పోయిన కమిటీ మీటింగులో సహాయ నిధి డబ్బుతో ఒక పాత బండి కొనాలన్న మాట వచ్చింది. వయసైన వాళ్లను ఆసుపత్రికి తీసుకుపోవాలి, డయాలిసిస్‌కు వారానికి రెండు మూడు సార్లు పోయే ఇద్దరు ఉన్నారు, కర్మలకు పదిమంది ఒకే చోటికి పోవలసి వస్తుంది, తిరుత్తణి, తిరుపతి ఉండనే ఉన్నాయి. రెండు బండ్లు చూపులో ఉన్నాయి. ఒకటి 2009 ఫోర్డ్ ఎండెవర్, ఇంకొకటి 2010 బీఎండబ్ల్యూ 520డీ. ఇద్దరు ఓనర్లూ దాదాపు ఒకే ధర చెబుతున్నారు. "అదే డబ్బుకు బీఎండబ్ల్యూ వస్తుంటే ఇంకేం ఆలోచన?" అని కుర్రవాళ్లు అడిగారు. "అది మనబోటి వాళ్లకు ఎందుకు?" అని పెద్దవాళ్లు అన్నారు. రెండూ జవాబులు కావు. ఈ రెండు బండ్లూ ఎక్కడి నుంచి వచ్చాయి, ఎలా కట్టారు, ఈరోజు ఇంత చవకగా ఎందుకు దొరుకుతున్నాయి అనేది తెలిస్తే జవాబు అదే వస్తుంది. అందుకని ఈసారి దీన్ని గురించే రాస్తున్నాను. కొంచెం పొడుగు, ఓపికగా చదవండి.

తాంబరం దాటితే చెంగల్పట్టు దాకా ఉన్న స్టేషన్లు మీలో చాలామందికి నోటికి వచ్చు. పెరుంగళత్తూరు, వండలూరు, ఊరపాక్కం, గూడువాంచేరి, పొత్తేరి, కాట్టాంకుళత్తూరు, మరైమలై నగర్, సింగపెరుమాళ్ కోవిల్, పరనూరు, చెంగల్పట్టు. ఇందులో మరైమలై నగర్ తనిత్తమిళ్ ఉద్యమం మొదలుపెట్టిన మరైమలై అడిగళ్ పేరు మీద వెలసిన కొత్త ఊరు. సింగపెరుమాళ్ కోవిల్ పల్లవుల కాలపు గుహాలయం, మన ఇళ్లలో నరసింహస్వామి మొక్కులున్న వాళ్లు పోయే చోటు. మనం మాట్లాడుకునే రెండు బండ్లూ ఈ లైను పక్కనే పుట్టాయి. ఎండెవర్ మరైమలై నగర్ ఫోర్డ్ కార్ఖానాలో. బీఎండబ్ల్యూ దానికి రెండు స్టేషన్ల దూరంలో, పరనూరు దగ్గరి మహీంద్రా వరల్డ్ సిటీ పక్కన. అమెరికా పేరు ఒకదానికి, జర్మనీ పేరు ఒకదానికి ఉన్నా, రెండూ మన ఊరి పిల్లల చేతుల మీదుగా బయటికి వచ్చినవే.

మొదట ఫోర్డ్ కథ. ఫోర్డ్ ఈ దేశానికి రెండుసార్లు వచ్చి రెండుసార్లు పోయిన కంపెనీ. మొదటిసారి 1926లో, కెనడా ఫోర్డ్ శాఖగా వచ్చింది. బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లో విదేశం నుంచి వచ్చిన భాగాలను కూర్చి అమ్మేవాళ్లు. స్వాతంత్ర్యం వచ్చాక 1953లో టారిఫ్ కమిషన్ ఒక మాట చెప్పింది. ఇక్కడే తయారుచేసే ఏర్పాటు ఉన్నవాళ్లే ఉండవచ్చు, ఊరికే పెట్టెలు విప్పి బిగించేవాళ్లు వద్దు అని. ఫోర్డ్, జనరల్ మోటార్స్ రెండూ మూట కట్టుకుని పోయాయి. మిగిలిన అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ బండ్లతో మన దేశం ముప్పై ఏళ్లు గడిపింది.

రెండోసారి ఫోర్డ్ వచ్చింది 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత. 1995లో మహీంద్రాతో కలిసి కంపెనీ పెట్టింది. 1996లో ఎస్కార్ట్ కారు నాసిక్‌లో కూర్చారు. 1999లో మరైమలై నగర్ కార్ఖానా నుంచి ఐకాన్ వచ్చింది. అదే సమయానికి శ్రీపెరుంబుదూరు దగ్గర హ్యుందాయ్, తిరువళ్లూరులో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ల మిత్సుబిషి లాన్సర్ తయారయ్యేవి. మద్రాసును ఇండియా డెట్రాయిట్ అని పత్రికలు రాసిన కాలం అది. మన సంఘంలో నేడు నలభై దాటిన తమ్ముళ్లలో కొందరికి ఐటీఐ చదివిన వెంటనే ఉద్యోగం దొరికింది ఆ అలలోనే.

2003లో ఎండెవర్ వచ్చింది. థాయిలాండ్‌లో ఎవరెస్ట్ పేరుతో అమ్మిన బండి అది. రేంజర్ అనే పికప్ ట్రక్కు అడుగుభాగం తీసుకుని, దాని మీద ఏడుగురు కూర్చునే బాడీ పెట్టారు. మొదట 2.5 లీటర్ల డీజిల్ ఇంజిను. తర్వాత 2007లో కొత్త ముఖంతో, 3.0 లీటర్ల ఇంజినుతోనూ వచ్చింది. థాయిలాండ్ నుంచి భాగాలు పెట్టెల్లో వచ్చేవి, మరైమలై నగర్‌లో కూర్చేవారు. వెనక చక్రాలకు లారీలకు ఉన్నట్టు కమాను కట్టలే. దాదాపు రెండు టన్నుల బరువు, అయిదు మీటర్ల పొడుగు. సందులో తిప్పాలంటే డ్రైవరు పేగులు తెగుతాయి.

బీఎండబ్ల్యూ కార్ఖానా 2007 మార్చి 29న తెరిచారు. మొదట 3 సిరీస్, తర్వాత 5 సిరీస్. జర్మనీలో బవేరియా రాష్ట్రంలో డింగోల్ఫింగ్ అనే ఊరు 5 సిరీస్‌కు పుట్టిల్లు. అక్కడి భాగాలు ఓడలో పెట్టెలుగా మద్రాసు రేవుకు వచ్చి ఇక్కడ కూర్చబడేవి. పూర్తిగా తయారైన బండిని దింపితే సుంకం చాలా జాస్తి, భాగాలుగా తెస్తే తక్కువ. ఆ తేడా కోసమే ఈ ఏర్పాటు. తర్వాత 2015కు ఇక్కడి భాగాలను సగం దాకా పెంచారు. ఇంజిన్లు ఫోర్స్ మోటార్స్ వాళ్లు మద్రాసులోనే కూర్చి ఇచ్చారు. కాని మన చూపులో ఉన్న 2010 బండి దానికి ముందుది. దాని ముఖ్యమైన భాగాలన్నీ జర్మనీ పెట్టెలోవే. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, స్పేర్ పార్టుల దగ్గర మళ్లీ వస్తుంది.

ఇప్పుడు రెండు బండ్లనూ కట్టిన తీరు చెబుతాను. రైల్వే వాళ్ల ఇళ్లలో పుట్టిన వాళ్లకు ఇది సులభంగా అర్థమవుతుంది. వెనకటి రోజుల్లో రైలు పెట్టె అంటే కింద ఇనుప అండర్‌ఫ్రేము, దాని మీద చెక్క బాడీ. బరువంతా కింది ఫ్రేము మోస్తుంది. బాడీ ఊరికే పెట్టెలా కూర్చుంటుంది. 1955 అక్టోబరు 2న పెరంబూరులో ఐసీఎఫ్ తెరిచారు కదా, దాని పేరులో మొదటి మాట ఏమిటి? ఇంటెగ్రల్. అంటే ఫ్రేము వేరు, బాడీ వేరు కాదు. గోడలు, కప్పు, నేల అన్నీ కలిపి వెల్డు చేసిన ఒకే గొట్టం, ఆ గొట్టమే బరువు మోస్తుంది. స్విట్జర్లాండ్ వాళ్ల నమూనా అది. పెట్టె తేలిక అయింది, గుద్దుకున్నప్పుడు ముక్కలు కాకుండా నిలిచింది.

ఎండెవర్ పాతకాలపు అండర్‌ఫ్రేము పెట్టె లాంటిది. కింద నిచ్చెన లాంటి ఛాసిస్, పైన బాడీ. బీఎండబ్ల్యూ ఐసీఎఫ్ పెట్టె లాంటిది, మొత్తం ఒకే కట్టు. అందుకే రోడ్డు మీద 520డీ పట్టాల మీద పోయినట్టు పోతుంది, మలుపులో వంగదు, వెనక సీట్లో నిద్ర పడుతుంది. ఎండెవర్ ఖాళీగా పోతే గుంతలో ఎగిరిపడుతుంది, ఏడుగురు ఎక్కితే కుదురుగా పోతుంది. కాని ఛాసిస్ బండిని ఏ ఊరి వర్క్‌షాపులోనైనా విప్పి బిగించవచ్చు. ముందుభాగం గుద్దుకుంటే టింకరింగు చేసేవాడు సుత్తితో సరిచేస్తాడు. ఆ కాలపు 5 సిరీస్‌కు ముందు భాగం కట్టే అల్యూమినియం, వెనక భాగం ఉక్కు. బరువు తగ్గించి ముందు వెనకల సమానం చేయడానికి అలా చేశారు. గొప్ప ఆలోచనే. కాని మన వీధి టింకరింగు పట్టరలో అల్యూమినియం కట్టును సరిచేసే పనిముట్లు ఉండవు.

ఇప్పుడు గౌరవం సంగతి. మా నాన్నల కాలంలో పెద్దమనిషి అంటే వెనక సీట్లో కూర్చుని అంబాసిడర్లో దిగేవాడు. 1984లో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు కాంటెస్సా తెచ్చారు. ఇంగ్లండులో వాక్స్‌హాల్ వాళ్ల పాత అచ్చు అది. మొదట అంబాసిడర్ ఇంజినే పెట్టి, తర్వాత ఇసుజు 1.8 లీటర్ల ఇంజిను పెట్టారు. మన మద్రాసులోనే స్టాండర్డ్ కంపెనీ 1985లో స్టాండర్డ్ 2000 తెచ్చింది. పైన ఇంగ్లండు రోవర్ బాడీ, లోపల పాత వాన్‌గార్డ్ ఇంజిను. పట్టు చీర కట్టి కాలికి చెప్పులు లేనట్టు. మూడేళ్లలో ఆగిపోయింది. అప్పటికి గౌరవం అంటే పొడుగైన, కిందికి వంగిన, డిక్కీ ఉన్న కారే. జీపు అంటే పోలీసుది, ఫారెస్టుది, ఎలక్షన్‌ది.

1994లో టాటా సుమో, 1998లో సఫారీ, 2002లో మహీంద్రా స్కార్పియో వచ్చాక కథ తిరగబడింది. ఎత్తైన బండిలో దిగినవాడే నాయకుడు అయ్యాడు. దీనికి రోడ్లు ఒక కారణం, పెద్ద కుటుంబం ఒక కారణం. అన్నిటికంటే పెద్దది డీజిల్ ధర. పెట్రోలు ధరను ప్రభుత్వం 2010 జూన్‌లో వదిలేసింది, డీజిల్‌ను మాత్రం 2014 అక్టోబరు దాకా పట్టుకునే ఉంది. రైతు, లారీ, బస్సు కోసం పట్టుకున్న ధర అది. ఆ నీడలో రెండు టన్నుల బండి కొన్న షావుకారు కూడా చవక డీజిల్ తాగించాడు. ఇది చూసి 2013 బడ్జెట్‌లో ఎస్‌యూవీలకు ఎక్సైజు సుంకం 27 నుంచి 30 శాతానికి పెంచారు. ఎస్‌యూవీ అంటే ఏమిటో చట్టం కొలిచి చెప్పింది. నాలుగు మీటర్లు దాటిన పొడుగు, 1500 సీసీ దాటిన ఇంజిను, 170 మిల్లీమీటర్లు, ఆపైన గ్రౌండ్ క్లియరెన్సు. ట్యాక్సీలకు ఆ పెంపు లేదు. జర్మన్ కంపెనీలు కూడా ఆ డీజిల్ నీడలోకే వచ్చాయి. మన ముందున్న 520డీలో "డీ" అంటే అదే.

ఇక 2015 డిసెంబరు. అడయారు పొంగి సైదాపేట, కోట్టూరుపురం, ముడిచూరు మునిగిన రోజులు మీకు గుర్తు చేయనవసరం లేదు. నేల కిందున్న పార్కింగుల్లో వేల బండ్లు నీళ్లలో నిలిచిపోయాయి. అందులో ఖరీదైన కార్లు చాలా. ఇన్సూరెన్సు కంపెనీలు వాటిని పూర్తి నష్టం కింద లెక్క తేల్చి, దొరికిన ధరకు అమ్మేశాయి. అవి తుక్కులోకి పోలేదు, అన్నీ కాకపోయినా చాలా బండ్లు. లోపల కార్పెట్టు మార్చి, పాలిష్ పట్టి, వేరే ఊళ్లలో రోడ్డెక్కాయి. 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులో మళ్లీ అదే జరిగింది. బీఎండబ్ల్యూ లాంటి బండిలో కంప్యూటరు పెట్టెలు ఒకటి రెండు కావు. కొన్ని కార్పెట్టు కింద, కొన్ని డిక్కీలో ఉంటాయి. బ్యాటరీ కూడా డిక్కీలోనే. నీళ్లు తాగిన పెట్టె వెంటనే చావదు, తుప్పు పట్టి రెండేళ్లకు చస్తుంది. నాకు తెలిసిన ఒక కుటుంబం ఒక బ్రోకరు మాట నమ్మి జర్మన్ కారు కొన్నది. ఏడాది లోపల కిటికీలు దిగడం మానేశాయి, తర్వాత గేరు పడడం మానేసింది. కొన్న ధరకు సమానంగా రిపేరు లెక్క వచ్చింది. బండి ఇంటి ముందు టార్పాలిన్ కప్పుకుని మూడేళ్లు నిలిచింది. పెళ్లి చూపులకు గౌరవంగా ఉంటుందని కొన్నది, ఆ అప్పే పెళ్లికి అడ్డం అయింది.

మరైమలై నగర్‌కు వస్తాను. 2021 సెప్టెంబరు 9న ఫోర్డ్ ఇండియాలో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. గుజరాత్‌లోని సానంద్ కార్ఖానా, మన కార్ఖానా రెండూ. దాదాపు 4,000 మంది ఉద్యోగుల మీద దెబ్బ పడుతుందని కంపెనీయే చెప్పింది. విడిభాగాలు చేసే చిన్న కంపెనీలు, క్యాంటీన్లు, వ్యాన్లు, గూడువాంచేరిలో అద్దె గదులు దీంట్లో లెక్కలేదు. 2022 జులైలో మన కార్ఖానాలో చివరి బండి ఎకోస్పోర్ట్ బయటికి వచ్చింది. సానంద్‌ను టాటా వాళ్లు కొన్నారు. మనది ఖాళీగా నిలిచింది. 2024 సెప్టెంబరులో ఎగుమతుల కోసం మళ్లీ వాడతామని ఫోర్డ్ తమిళనాడు ప్రభుత్వానికి లేఖ ఇచ్చింది. ఇరవై ఏళ్లు అక్కడ పని చేసిన తమ్ముళ్లు మన సంఘంలోనే ఉన్నారు. కొందరు వేరే కంపెనీలో కాంట్రాక్టు మీద చేరారు, ఒకరు లోడు ఆటో నడుపుతున్నారు. ఎండెవర్ను చూసి ఎవరైనా "పోయిన కంపెనీ బండి" అని తేలికగా మాట్లాడేటప్పుడు వాళ్లు పక్కన ఉన్నారేమో చూసుకోండి.

ఆ మాట వల్లనే పాత ఎండెవర్ ధర పడింది. కంపెనీ పోయింది, స్పేరు దొరకదు అన్న భయం. నిజం అంత చెడ్డగా లేదు. సర్వీసు, స్పేరు కొనసాగిస్తామని ఫోర్డ్ చెప్పింది, కొన్ని సర్వీసు సెంటర్లు నడుస్తున్నాయి. రేంజరు, ఎవరెస్టు ఇంకా ఎన్నో దేశాల్లో తిరుగుతున్నాయి కాబట్టి ఇంజిను భాగాలు బయట దొరుకుతాయి. పుదుపేటలో పాత భాగాలు దొరుకుతాయి. డోరు లోపలి ప్లాస్టిక్కు, దీపాల అద్దాలు లాంటివే వెతుక్కోవాలి. బీఎండబ్ల్యూ కంపెనీ పోలేదు, షోరూములు మెరుస్తూనే ఉన్నాయి. స్పేరు అన్నీ దొరుకుతాయి. కాని ఏ ధరకు? ఇక్కడే అసలు సంగతి ఉంది. కొత్తగా ఉన్నప్పుడు 5 సిరీస్ ధర ఎండెవర్ ధరకు రెట్టింపు కంటే ఎక్కువ. పదిహేనేళ్ల తర్వాత ఇద్దరిదీ ఒకే ధర. బండి ధర పడిపోతుంది, స్పేరు ధర పడిపోదు. స్పేరుకు బండి వయసు తెలియదు, అది కొత్తలో ఎంత విలువైన బండో అంతే అడుగుతుంది.

ఆంధ్రలో సెలవు అంటే లీవు. మన ఇళ్లలో సెలవు అంటే ఖర్చు. పాత జర్మన్ కారుకు ఈ రెండూ ఒకేసారి వస్తాయి, ఖర్చు పెట్టి లీవు పెట్టి వర్క్‌షాపులో కూర్చోవాలి.

ఆ కాలపు 520డీలో ఇంజినుకు ఎన్47 అని పేరు. రెండు లీటర్ల ఇంజిను, మైలేజీ మంచిది, లాగుడు మంచిది. కాని దాని టైమింగ్ చైను ఇంజిను ముందు కాదు, వెనక గేరుబాక్సు వైపు పెట్టారు. ఆ చైను అరిగి తెగిన బండ్లు ప్రపంచమంతా ఉన్నాయి. తెగితే ఇంజిను పోతుంది. ముందే మార్చాలన్నా వెనక ఉంది కాబట్టి గేరుబాక్సో ఇంజినో దింపాలి. కూలి ఒక్కటే మనకు భారం. పొద్దున చల్లటి ఇంజిను స్టార్టు చేసినప్పుడు వెనక వైపు నుంచి గరగర శబ్దం వస్తే అక్కడి నుంచి నడిచి వచ్చేయండి. రెండోది, స్టెప్నీ లేదు. గాలి పోయినా కొంత దూరం పోయే రన్‌ఫ్లాట్ టైర్లు ఉంటాయి. నాలుగు టైర్లూ మార్చాలంటే ధర అడిగి చూడండి. కొందరు మామూలు టైర్లు వేసి అమ్ముతారు, అప్పుడు స్టెప్నీ కూడా లేదు, రన్‌ఫ్లాటూ లేదు. మూడోది, బ్యాటరీ మార్చినా కంప్యూటరుకు ఆ సంగతి చెప్పించాలి, లేకపోతే కొత్త బ్యాటరీ త్వరగా పోతుంది.

ఎండెవర్కు జబ్బులు లేవని కాదు. ఛాసిస్ మీద తుప్పు చూడాలి, ముఖ్యంగా ఈసీఆర్ పక్కన సముద్రపు గాలిలో పెరిగిన బండి అయితే. కమాను కట్టల బుష్షులు, స్టీరింగు జాయింట్లు, టర్బో, ఇంజెక్టర్లు. ఎండెవర్ తాగే డీజిల్ 520డీ కంటే జాస్తి. బ్రేకు పట్టే దూరం, మలుపులో నిలకడ, గుద్దుకుంటే లోపలి వాళ్లను కాపాడే తీరు ఇవన్నీ బీఎండబ్ల్యూదే పైచేయి. నిజం నిజమే. వేగంగా పోయే డ్రైవరు చేతికి ఎండెవర్ ఇవ్వకూడదు. ఎత్తైన బండి, దొర్లుతుంది.

వయసైన వాళ్ల కళ్లతో కూడా చూడాలి. 520డీలో కూర్చోవడం హాయి, లేవడం కష్టం. మోకాళ్ల నొప్పి ఉన్న అత్తయ్యలను ఆ కింది సీట్లోంచి లేపాలంటే ఇద్దరు చేయి పట్టాలి. ఎండెవర్కు ఎక్కడం కష్టం, దిగడం సులభం. ఫుట్‌బోర్డుకు తోడు ఒక చిన్న ముక్కాలి పీట డిక్కీలో పెట్టుకుంటే ఆ కష్టమూ తీరుతుంది. బీఎండబ్ల్యూలో డ్రైవరు కాక నలుగురు, ఎండెవర్లో ఆరుగురు. వానాకాలం వేళచ్చేరి, ముడిచూరు వైపు డయాలిసిస్‌కు పోవలసిన రోజు ఏ బండి పోగలదో మీకే తెలుసు.

ఇప్పుడు కాగితాలు. సొంత బండికి ఆర్సీ పదిహేనేళ్లు. ఆ తర్వాత ఎఫ్‌సీ చూపించి అయిదేళ్లకు ఒకసారి రెన్యువల్ చేయాలి. 2009 బండికి ఆ గడువు 2024లో, 2010 బండికి 2025లో వచ్చింది. రెన్యువల్ అయిందా లేదా మొదట అది అడగండి. కారు రెన్యువల్ ఫీజు 600 రూపాయలు ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. విదేశంలో పూర్తిగా తయారై దిగిన బండికి 40,000. మన 520డీ ఇక్కడ కూర్చినదేనా, ఆర్సీలో ఏమని రాసి ఉందో చూడాలి. ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2025లో ఫీజు ఇంకా పెంచారు. దీనికి గ్రీన్ ట్యాక్సు వేరే. నంబరు ఢిల్లీది అయితే ఇంకా జాగ్రత్త. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండిని రోడ్డెక్కనివ్వకూడదని ఆజ్ఞ వచ్చింది. గ్రీన్ ట్రిబ్యునల్ ఆజ్ఞ, 2018లో సుప్రీంకోర్టు కూడా ఖాయం చేసింది. అందుకే అక్కడి ఖరీదైన డీజిల్ కార్లు చవకగా దక్షిణానికి దిగుతున్నాయి. ఎన్‌ఓసీ, ఇక్కడి రోడ్ ట్యాక్సు కలిపితే ఆ చవక సగం కరుగుతుంది. బండి చేతులు మారిన పద్నాలుగు రోజుల్లోపల ఇన్సూరెన్సు పేరు మార్పుకు రాయాలి. బండి ఎవరో ఒక సభ్యుడి పేరు మీద కాదు, రిజిస్టరైన సంఘం పేరు మీదే ఉండాలి. సభ్యుల దగ్గర బాడుగ వసూలు చేయకూడదు, వసూలు చేస్తే పసుపు బోర్డు కావాలి. ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సు వాడు మొదట అడిగేది అదే.

రైల్వే పాత పెట్టెను ఏం చేస్తుందో మీకు తెలుసు. ప్రయాణికులను మోసి వయసైన ఐసీఎఫ్ పెట్టెకు కిటికీలు మూసి, చివర తలుపులు పెట్టి, ఎన్‌ఎంజీ అని పేరు మార్చి, కొత్త కార్లను మోసే పనికి పంపుతుంది. పాతది అని పారేయలేదు, పాతది కదా అని ఎక్స్‌ప్రెస్‌కూ తగిలించలేదు. తగిన పని ఇచ్చింది. ఇంకొకటి, ప్రతి పెట్టె చివర పెయింటుతో రాసి ఉంటుంది, ఎక్కడ ఓవర్‌హాలు అయింది, మళ్లీ ఏ తేదీకి వర్క్‌షాపుకు రావాలి అని. ఆ తేదీ లేని పెట్టెను ఏ రైలుకూ తగిలించరు. పాత బండి కొనడానికి నాకు తెలిసిన సూత్రం ఇదే. ఎప్పుడు ఏం చేశారో బిల్లులతో చూపించని బండి ఎంత మెరిసినా వద్దు.

మనవాళ్లలో దీనికి పెద్ద ఉదాహరణ కోయంబత్తూరు జి.డి. నాయుడు గారు. 1893లో పుట్టి, పెద్ద చదువు లేకుండా, ఒక దొర దగ్గర రడ్జ్ మోటారు సైకిలు కొని, దాన్ని విప్పి మళ్లీ బిగించి యంత్రం నేర్చుకున్న మనిషి. 1920లో పొల్లాచి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి యూఎంఎస్ నడిపారు. ఆ కుటుంబం వాళ్ల కార్ల మ్యూజియం ఈరోజు కోయంబత్తూరులో ఉంది, పిల్లలను తీసుకుపోయి చూపించండి. ఆయన దారి మనకు చెప్పేది ఒకటే. నీ చేతికి విప్పడానికి, బిగించడానికి అందే యంత్రమే నీది. అందనిది నీ ఇంట్లో ఉన్నా ఇంకొకడిదే.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. సంఘం పనికి 520డీ వద్దు. మంచి బండి కాదని కాదు, దాన్ని పోషించే చేయి మనది కాదని. ఎండెవర్ కొనవచ్చు, మూడు షరతుల మీద. ఫోర్డ్‌లో పని చేసిన మన తమ్ముళ్లు ఇద్దరు బండిని లిఫ్టు మీద ఎక్కించి ఛాసిస్ కింద నుంచి చూడాలి. ఆర్సీ రెన్యువల్ అయి ఉండాలి. ఓనరు చెప్పిన ధరకు సమానంగా కాకపోయినా, అందులో సగం డబ్బు మొదటి ఏడాది టైర్లు, బ్రేకులు, కమాను, ఇన్సూరెన్సు కోసం నిధిలో వేరుగా ఉండాలి. ఆ సగం లేకపోతే బండే వద్దు. డయాలిసిస్ ఇద్దరికీ నెలకు ట్యాక్సీ మాట్లాడి నిధి నుంచి కట్టేద్దాం, మిగతా వాటికి వ్యాను బాడుగకు తీసుకుందాం. ఆ డబ్బు ముప్పై ఏళ్లుగా నెలకు పది రూపాయల నుంచి కూడబెట్టినది. ఒకరి ఆపరేషనుకు, ఒకరి కాలేజీ ఫీజుకు ఉన్న డబ్బు. వర్క్‌షాపులో నిలిచిన బండిలో అది ఇరుక్కుంటే అడిగిన వాళ్లకు మనం ఏం చెబుతాం?

సొంతంగా పాత జర్మన్ కారు కొనాలని ఆశ ఉన్న కుర్రవాళ్లకు కూడా ఒక మాట. ఆశ తప్పు కాదు. రెండో బండిగా, అప్పు లేకుండా, పక్కన స్పేరు డబ్బు పెట్టుకుని కొంటే అది హాయి. ఈఎంఐ మీద, ఉన్న ఒకే బండిగా, చుట్టాల ముందు దిగడం కోసం కొంటే అది భారం.

ఫోర్డ్‌లో పని చేసిన తమ్ముళ్లూ, ఎండెవర్ లైనులో ఎవరైనా ఉన్నారా? బండి చూడడానికి ఏ ఆదివారం వీలవుతుందో కింద రాయండి. నేను రాసిన దాంట్లో మీకు ఇంకా బాగా తెలిసినది ఉంటే అదీ చేర్చండి. జనరల్ బాడీలో చేయి ఎత్తే ముందు అందరికీ తెలియాలి.